పరీక్ష తప్పినా ముందుకు పోయిన బిల్డ్

నేను బిల్డ్ ఇంజనీరుగా పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను. మొదట చాలా కాలం హైదరాబాదులో, చివరి కొన్నేళ్లు మా నరసరావుపేటలోనే, ఒక మందుల షాపు పై అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి అని. ఆ వివరాలు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఎక్కడ ఎంత జీతమిస్తారో, ఎప్పుడు ప్రమోషన్ వస్తుందో కూడా నేను చెప్పబోవడం లేదు. ఆ చిన్న కంపెనీలో జరిగిన ఒక సంగతి మాత్రం చెబుతాను. ఈ ఉద్యోగం నిజంగా ఏమిటో నాకు అంతకుముందు అన్నేళ్ల కంటే ఆ కొద్ది రోజుల్లోనే ఎక్కువ తెలిసింది.

అసలు పని

ప్రోగ్రామరు రాసిన కోడ్ నేరుగా వాడేవాళ్ల కంప్యూటర్లోకి వెళ్లదు. ముందు దాన్ని మిషను నడపగలిగే రూపంలోకి మార్చాలి. దాన్నే బిల్డ్ చేయడం అంటాం. తర్వాత పాత పనులన్నీ సరిగా జరుగుతున్నాయో లేదో టెస్టులు నడిపి చూడాలి. ఆ తర్వాత ప్యాక్ చేసి బయటికి పంపాలి. దాన్ని రిలీజ్ అంటాం. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇవన్నీ మనుషులే వరసగా చేసేవాళ్లు. ఇప్పుడు వరస మొత్తం ఒక ఫైలులో రాసి పెడితే మిషనే చేసుకుపోతుంది. ఆ ఫైలును వర్క్‌ఫ్లో అంటారు.

కోడ్‌ను అందరూ టెస్టు చేస్తారు. వర్క్‌ఫ్లోను టెస్టు చేయాలన్న ఆలోచన మాత్రం చాలామందికి రాదు. ఒకసారి నడిచిందంటే ఇక నడుస్తూనే ఉంటుందని వదిలేస్తారు. ఆ వదిలేసిన దాన్ని పట్టుకుని చూడడమే నా పని. దాని కోసం నేను ఒక వెబ్‌సైటు వాడేదాన్ని. మన వర్క్‌ఫ్లోను అందులో పెడితే ఒక్కో మెట్టునూ ఒక్కో డబ్బాగా గీసి చూపిస్తుంది. ఈ డబ్బా పాసైందనుకో, ఫెయిలైందనుకో అని మనం చెప్పి నడిపిస్తే, ఆ తర్వాత ఏ డబ్బా కదులుతుందో, ఏది ఆగుతుందో కళ్లకు కడుతుంది. అసలు సిస్టం జోలికి పోదు కాబట్టి ఎన్నిసార్లు పాడుచేసుకున్నా నష్టం లేదు.

మా కంపెనీ, మా మనుషులు

కంపెనీ యజమాని సాంబశివరావు. శావల్యాపురం దగ్గర మిరప పండించే కుటుంబం. వాళ్ల నాన్నకు ఆపరేషన్ జరిగినప్పుడు రక్తం కోసం ఊరూరా తిరిగిన మనిషి. ఏ ఆసుపత్రిలో ఏ గ్రూపు రక్తం ఉందో ఒక్కచోట కనబడితే ఇంత తిరుగుడు ఉండదు కదా అని ఈ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. మేం చేరేనాటికి పల్నాడులోని చాలా ఆసుపత్రులు దాన్ని వాడుతున్నాయి. మనిషికి కోపం ఎక్కువ, తొందర ఇంకా ఎక్కువ. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు.

ప్రోగ్రాం రాసేది చలపతి. నెమ్మదస్తుడు, మంచి పనివాడు. నాకు తోడుగా వర్క్‌ఫ్లో పని చూసేది నస్రీన్. వినుకొండ అమ్మాయి. వాళ్ల నాన్నకు అక్కడ బస్టాండు దగ్గర టైలరింగ్ షాపు. రోజూ రైల్లో వచ్చి పోయేది. మిషను మొండికేస్తే దానితోనే పోట్లాడేది. “ఏందే నీ బాధ? చెప్పి చావరాదూ!” అని స్క్రీను ముందు చెయ్యి తిప్పుతూ గదమాయిస్తుంటే చలపతి నవ్వలేక చచ్చేవాడు.

తొందర

మా బిల్డ్ పూర్తి కావడానికి చాలాసేపు పట్టేది. టెస్టులు ఎక్కువ కావడమే కారణం. సాంబశివరావుకు అది నచ్చేది కాదు.

“బటన్ మీద అక్షరం దిద్దినా ఇంతసేపేందక్కా? ఈలోపు నేను చేలోకి పోయి రావచ్చు.”

అతని బాధలో అర్థం లేకపోలేదు. అక్షరం దిద్దితే రక్తం నిల్వల లెక్క మారదు. అటువంటప్పుడు ఆ టెస్టులు నడపక్కర్లేదు. నేను మా తమ్ముడి కూతురి పెళ్లికి అచ్చంపేట వెళ్లిన వారంలో అతను నస్రీన్‌ను కూర్చోబెట్టి, ఎట్టాగైనా దీన్ని తగ్గించమన్నాడు.

నస్రీన్ తెలివిగానే చేసింది. నిల్వలకు సంబంధించిన కోడ్ మారితేనే ఆ టెస్టులు నడవాలి, లేకపోతే దాటేయాలి అని రాసింది. అయితే ఒక చిక్కు వచ్చింది. టెస్టును దాటేస్తే దాని వెనకున్న రిలీజ్ కూడా కదలకుండా కూర్చుంది. ముందు మెట్టు పాసైతేనే కదలాలన్నది మిషను అలవాటు. దాన్ని కదిలించడానికి నస్రీన్ రిలీజ్ మెట్టుకు ఒక షరతు తగిలించింది. ముందు మెట్టులో ఏం జరిగినా సరే, నువ్వు నడువు అని.

బిల్డ్ పరుగెత్తింది. సాంబశివరావు ఆనందపడి ఆఫీసంతటికీ పునుగులు తెప్పించాడట. నేను తిరిగొచ్చాక ఆ కబురు గొప్పగా చెప్పారు. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. కొత్త వర్క్‌ఫ్లోను తీరిగ్గా చూద్దామని నేను పక్కన పెట్టుకున్నాను. అది చూసేలోపే ఫోను వచ్చింది.

మాచర్ల నుంచి ఫోను

మాచర్లలోని ఒక నర్సింగ్ హోం నుంచి డాక్టరమ్మ చేసింది. సాంబశివరావు ఫోను స్పీకర్లో పెట్టాడు.

“మీ కంప్యూటర్లో గురజాల ఆసుపత్రిలో ఓ నెగటివ్ రక్తం ఉందని చూపిస్తోంది. మేం ఫోను చేస్తే అక్కడి టెక్నీషియన్ కూడా స్క్రీను చూసి ఉందనే చెప్పాడు. పేషెంటు భర్త ఐస్ డబ్బా తీసుకుని కారులో వెళ్లాడు. తీరా ఫ్రిజ్ తెరిస్తే ఒక్క బ్యాగు లేదు. గడువు దాటిపోతే ఎప్పుడో తీసి పారేశారంట. ఇక్కడ బాలింత, బ్లీడింగ్ ఆగడం లేదు. ఏం చేయమంటారు నన్ను?”

ఓ నెగటివ్ అరుదైన గ్రూపు. కాన్పయిన మనిషికి రక్తం పోతుంటే ఎంత వ్యవధి ఉంటుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇటువంటప్పుడు మొదట ఏం చేయాలో పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. తప్పు ఎవరిదని వెతక్కూడదు. ఎందుకు జరిగిందని కూడా వెతక్కూడదు. నిన్నటిదాకా సరిగా పనిచేసిన పాత వెర్షన్‌ను తిరిగి పెట్టేయాలి. నేను ఆ పని మీద కూర్చున్నాను. చలపతి, నస్రీన్ చెరొక ఫోను తీసుకుని ఆసుపత్రులన్నిటికీ చెప్పారు, స్క్రీను నమ్మవద్దు, ఫ్రిజ్ తెరిచి చూడండి అని. సాంబశివరావు తనకు తెలిసిన బ్లడ్ బ్యాంకులన్నీ కదిపాడు. చివరికి మా నరసరావుపేటలోనే ఒకచోట దొరికింది. అతనే బండి మాట్లాడి ఆ రక్తం పంపాడు. గురజాలలో చిక్కుకుపోయిన ఆ భర్తను పిడుగురాళ్లకు ఎదురు రమ్మన్నాం.

ఆ తర్వాత మేం చేయగలిగింది ఏమీ లేదు. నస్రీన్ ఫోను వంక చూస్తూ కూర్చుంది. సాంబశివరావు వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ మళ్లీ చేసింది. రక్తం ఎక్కించామని, మనిషి గండం గడిచిందని, రెండు రోజులు చూడాలని చెప్పింది. సాంబశివరావు మెట్ల మీద నుంచి లేవబోయి, మళ్లీ అక్కడే కూర్చుండిపోయాడు.

ఎవరి తప్పు

సాంబశివరావు లేచి లోపలికి వచ్చేసరికి అతని ముఖం మారిపోయింది. వర్క్‌ఫ్లోలో చివరిగా చెయ్యి పెట్టింది నస్రీనే అని అతనికి తెలుసు.

“అక్కా, ఆ పిల్లని రేపటి నుంచి రావద్దని చెప్పు.”

నస్రీన్ వింటూనే ఉంది. తలెత్తలేదు.

“ఆ మాట రేపు మాట్లాడుకుందాం సాంబశివా. ముందు ఏం జరిగిందో చూడనీ.”

“ఇంకేం చూస్తావక్కా? మనిషి చచ్చిపోయేది!”

అప్పుడు చలపతి నోరు తెరిచాడు. “కోడ్‌లో తప్పు నాది సార్. గడువు తేదీల లెక్క మార్చినప్పుడు పారేసిన బ్యాగులు కూడా నిల్వలో కనబడేట్టు అయింది. కానీ టెస్టు దాన్ని పట్టుకుంది. ఎర్రగా చూపించింది. నా కళ్లారా చూశా. ఎర్రగా ఉంది కదా, ఎట్టాగూ ఆగిద్ది, పొద్దున వచ్చాక దిద్దుకుందామని నిన్న సాయంత్రం నా బ్యాంకు పనికి పోయా. పట్టుకున్నాక కూడా అది బయటికి ఎట్టా పోయిందనేదే నాకు అంతుబట్టడం లేదు.”

అడగవలసిన ప్రశ్న అదే. తప్పు కోడ్ రాయని ప్రోగ్రామరు లేడు. దాన్ని పట్టుకోవడానికే టెస్టులు. పట్టుకున్నది ఆగకపోతే టెస్టు పెట్టి ప్రయోజనం లేదు.

నాకు జవాబు సగం తెలిసిపోయింది. కానీ నోటితో చెబితే సాంబశివరావుకు అది నస్రీన్ మీద ఇంకో నేరంలాగే వినబడుతుంది. కాబట్టి నలుగురం ఒకే స్క్రీను ముందు కూర్చుందామన్నాను. టీ తెప్పించాను.

“నస్రీన్, నువ్వే నడుపు,” అన్నాను. తను ఆ వెబ్‌సైటు తెరిచి మా వర్క్‌ఫ్లోను పెట్టబోయింది.

“బయటి సైటులో మన ఫైలు పెట్టొచ్చా?” అన్నాడు సాంబశివరావు. కోపంలో ఉన్నా మంచి ప్రశ్నే అడిగాడు. పాస్‌వర్డులు, ఆసుపత్రుల పేర్లు, మన సర్వర్ల అడ్రసులు తీసేసి వట్టి వరస మాత్రమే పెట్టాలి. నస్రీన్ అవన్నీ ఒక్కొక్కటే చెరిపి, అతనికి చూపించి, అప్పుడు పెట్టింది.

మొదట టెస్టు పాసైందనుకో అని నడిపించింది. డబ్బాలన్నీ పచ్చగా వెలిగాయి. తర్వాత టెస్టును దాటేశామనుకో అంది. ఆ డబ్బా బూడిదరంగుకు తిరిగింది, రిలీజ్ పచ్చగా వెలిగింది. తను కోరుకున్నది అదే.

“ఇప్పుడు టెస్టు ఫెయిలైందనుకో,” అన్నాను.

నొక్కింది. టెస్టు డబ్బా ఎర్రబడింది. దాని పక్కనే రిలీజ్ డబ్బా పచ్చగా వెలిగింది.

కింద మందుల షాపులో ఎవరో చిల్లర గురించి వాదించుకుంటున్న మాటలు వినబడుతున్నాయి.

“ఏం జరిగినా సరే అని రాశా,” అంది నస్రీన్. “దాటేస్తే పోవాలని రాశా మేడం. ఫెయిలైనా పోయిద్దని తట్టలా. పాసైతే ఏమైద్దో చూశా, దాటేస్తే ఏమైద్దో చూశా. ఇది ఒక్కటే చూళ్లా.”

సాంబశివరావు స్క్రీను వంకే చూస్తున్నాడు. “ఇది చూడటానికి ఇంతేనా పట్టేది?”

“ఇంతే. ఇదిగో, నీ టీ ఇంకా చల్లారలేదు.”

“మరి ఆ రోజు ఎవరూ ఎందుకు చూడలా?”

“తొందరగా కావాలన్నావు. అయింది. అందరూ పునుగులు తిన్నారు. ఆ రోజు దీన్ని చూడమని ఎవరైనా అడిగారా? ఫెయిలైతే ఏమైద్దని నువ్వు అడిగావా?”

అతను టీ గ్లాసు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. రావద్దని చెప్పమన్న మాట మళ్లీ ఎత్తలేదు, ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. కోపం చూసి మనిషిని తూచకూడదని ఇతని దగ్గర నేర్చుకున్నాను. ఎదురుగా నిజం కనబడితే దాన్ని కాదనడు. మర్యాదగా మాట్లాడుతూనే నిజాన్ని పక్కకు నెట్టే మేనేజర్లను హైదరాబాదులో చాలామందిని చూశాను. ఇతను వాళ్లకంటే వెయ్యి రెట్లు నయం.

కావాలని పాడుచేయడం

హైదరాబాదులో నా మొదటి మేనేజరు ఒకావిడ ఉండేది. అప్పుడప్పుడు ఎవరికీ చెప్పకుండా కోడ్‌లో ఒక తప్పు తానే పెట్టేది, మా టెస్టులు పట్టుకుంటాయా లేదా చూద్దామని. మాకు ఒళ్లు మండేది. ఆవిడ చేసిందే ఈ ఉద్యోగమని మాచర్ల ఫోను వచ్చిన రోజు నాకు అర్థమైంది. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు వర్క్‌ఫ్లో ఎట్లా నడుస్తుందో చూడడం సగం పనే. చెడినప్పుడు అది ఏం చేస్తుందో మనమే చెడగొట్టి చూడాలి. బయట నిజంగా చెడిన రోజున చూస్తే ఆలస్యమవుతుంది.

నస్రీన్ షరతు మార్చింది. టెస్టు పాసైతే పో, మనం కావాలని దాటేస్తే పో, ఫెయిలైతే కదలవద్దు. వెబ్‌సైటులో నడిపితే ఈసారి ఎర్రడబ్బా దగ్గర అంతా ఆగిపోయింది. చలపతి హమ్మయ్య అన్నాడు. నేనూ కుర్చీ వెనక్కి జరిపాను. నస్రీన్ లేవలేదు.

“ఉండండి మేడం. టెస్టు నడుస్తుండగా మధ్యలో ఎవరైనా క్యాన్సిల్ కొడితే?”

నాకు ఆ ఆలోచన రాలేదు. పాత షరతుతో నడిపించి చూసింది. క్యాన్సిల్ కొట్టినా రిలీజ్ వెళ్లిపోయింది. కొత్త షరతుతో ఆగింది. ఇంక ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో అన్నీ వరసగా అడగడం మొదలుపెట్టింది. చలపతి కూడా కుర్చీ లాక్కుని పక్కన చేరాడు.

ఆ వెబ్‌సైటునే నమ్ముకుని ఆగిపోయామని అనుకోకండి. అది మన సిస్టం ఎట్లా నడుస్తుందని అనుకుంటుందో అదే చూపిస్తుంది. అసలు మిషను ఒక్కోసారి వేరేగా నడుస్తుంది. అందుకని మా సిస్టంకు ఒక నకలు పెట్టి, ఏ ఆసుపత్రికీ పోకుండా దారి మూసి, చలపతి చేసిన తప్పునే మళ్లీ అందులో వేసి నడిపించాం. టెస్టు ఎర్రబడింది, రిలీజ్ కదలలేదు. చలపతి తప్పు దిద్దిన కొత్త వెర్షన్‌ను అప్పుడుగాని ఆసుపత్రులకు పంపలేదు. గడువు దాటిన బ్యాగు స్క్రీను మీద కనబడకుండా పోయిందా అని ఒక్కో ఆసుపత్రికీ ఫోను చేసి, వాళ్ల చేత ఫ్రిజ్ తెరిపించి కనుక్కున్నాం. విసుక్కున్నవాళ్లు విసుక్కున్నారు.

మాచర్లలో

మూడో రోజు నస్రీన్ నా దగ్గరికి వచ్చింది. “నేను వెళ్లి ఆవిడని చూసొస్తా మేడం,” అంది.

సాంబశివరావు విన్నాడు. “వాళ్లు తిడతారమ్మాయ్.”

“తిట్టనీండి సార్.”

అతను కారు తాళాలు తీశాడు. ముగ్గురం వెళ్లాం.

ఆమె పేరు నాగమణి. పాలిపోయి ఉంది కానీ దిండ్లకు ఆనుకుని కూర్చోగలుగుతోంది. పక్కన పొత్తిళ్లలో ఆడపిల్ల. భర్త శ్రీను పిడుగురాళ్ల వైపు సున్నపురాయి లారీ తోలుతాడు. మేం రక్తం పంపినవాళ్లమని డాక్టరమ్మ చెప్పేసరికి అతను లేచి సాంబశివరావు చేతులు పట్టుకున్నాడు. మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“గురజాల పోయిందాకా ధైర్యంగానే ఉన్నా సార్. అక్కడతను ఫ్రిజ్ తలుపు తీసి లేదన్నాడు. ఆ వట్టి డబ్బా పట్టుకుని కింద కూలబడిపోయా. మీరు ఫోను చెయ్యకపోతే ఏమయ్యేదో.”

నస్రీన్ ముందుకు వచ్చింది.

“అన్నా, గురజాలలో ఉందని తప్పు చూపించింది మా కంప్యూటరే. తప్పును ఆపాల్సిన చోట ఆపకుండా వదిలేట్టు రాసింది నేను.”

శ్రీను చేతులు వదిలేశాడు. నస్రీన్ వంక, మా వంక మార్చి మార్చి చూశాడు. “అంటే... మీ వల్లే నేను అంత దూరం పోయానా?”

“అవునన్నా.”

“ఈమె ఇక్కడ అట్టా పడి ఉంటే!” అతని గొంతు లేచింది. బయట నర్సు తొంగి చూసింది. సాంబశివరావు ఒక అడుగు వేసి నస్రీన్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. “ఈ అమ్మాయి ఒక్కతే కాదు బాబూ. తొందరపెట్టింది నేను. అనేదేదో నన్ను అను,” అన్నాడు.

శ్రీను అన్నాడు. అనవలసినవే అన్నాడు. అవి ఇక్కడ రాయను. ముగ్గురం నిలబడి విన్నాం. అతనికి ఊపిరి అందక ఆగినప్పుడు నాగమణి చెయ్యెత్తింది.

“ఇక చాల్లే. పిల్ల లేచిద్ది.” నీరసంగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది. నస్రీన్‌ను దగ్గరికి రమ్మంది. “ఏమ్మా, ఇంకొకళ్లకి ఇట్టా జరగదు గదా?”

జరగదక్కా అని చెప్పి చేతులు దులుపుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు. నా ఉద్యోగమంతా అటువంటి హామీలు వింటూనే గడిచింది. నస్రీన్ మంచం అంచు పట్టుకుని నిలబడింది.

“ఆ తప్పు మళ్లీ జరగదక్కా. చెడగొట్టి చెడగొట్టి చూశా. వేరే తప్పు ఇంకేదీ రాదని మాత్రం చెప్పలేను. రోజూ చూస్తానే ఉంటా.”

నాగమణి ఆమె ముఖంలోకి కాసేపు చూసింది.

“అట్టాగే చూస్తా ఉండు తల్లీ,” అని, పిల్ల మీదికి దుప్పటి లాగి, కళ్లు మూసుకుంది.